ఖాన్ బనీ సాద్ ఫైల్లో లేని సంతకం: ఇరాక్ పునర్నిర్మాణ ఖర్చుపై ఒక కేస్ స్టడీ

బాగ్దాద్‌కు ఈశాన్యంగా, దియాలా ప్రావిన్స్‌లోని ఖాన్ బనీ సాద్‌లో 3,600 మంది ఖైదీలు పట్టే జైలును అమెరికా నిధులతో కట్టాలని, 2003 అమెరికా దాడి తర్వాతి పునర్నిర్మాణంలో భాగంగా, 2004లో నిర్ణయించారు. ఆ మేలో పార్సన్స్ అనే అమెరికా నిర్మాణ కంపెనీకి సుమారు 7.3 కోట్ల డాలర్ల పని అప్పగించారు. రెండేళ్ల జాప్యం తర్వాత 2006 జూన్‌లో ఆ కాంట్రాక్టు రద్దయింది. మిగిలిన పనికి వేరే కాంట్రాక్టర్లను పెట్టారు, 2007 జూన్‌లో వాళ్లనీ ఆపేశారు. అప్పటికి 4 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. సగం కట్టిన ఆ గోడలను అదే ఏడాది ఇరాక్ న్యాయశాఖకు ఏకపక్షంగా అప్పగించారు. ఈ ఖర్చుపై నిఘాకు అమెరికా పెట్టిన ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయపు తనిఖీ బృందం 2008లో వెళ్లేసరికి అక్కడ ఖైదీ లేడు, కాపలా లేదు. సుమారు 12 లక్షల డాలర్ల విలువైన సామగ్రి ఆరుబయట పడి ఉంది. దాన్ని పూర్తిచేసే ఉద్దేశం గానీ, వాడుకునే ఉద్దేశం గానీ, కాపలా పెట్టే ఉద్దేశం గానీ తమకు లేదని న్యాయశాఖ తేల్చి చెప్పింది.

ఈ ఫైలును చాలామంది కాంట్రాక్టర్ వైఫల్యంగా చదువుతారు. అది నిజమే, కానీ సగం నిజం. నాసిరకం కాంక్రీటును కూలగొట్టి మళ్లీ పోయొచ్చు. పూర్తయిన జైలును కూడా తీసుకునే శాఖ లేకపోతే చేసేదేమీ ఉండదు. ఇరాక్‌లో చెడిన పనుల ఫైళ్లలో మొదట వెతకాల్సిన కాగితం ఒకటుంది: కట్టేది మాకు కావాలి, కట్టాక మేమే నడుపుతాం, అందుకు బడ్జెట్‌లో ఇంత పెడతాం అని వాడుకునే శాఖ పని మొదలుకాకముందే పెట్టే సంతకం. అది లేని చోట ఖర్చుపెట్టినవాళ్లు వాషింగ్టన్‌కు జవాబు చెప్పుకున్నారు. వాడుకోవాల్సినవాళ్లు మాత్రం ఎవరికీ జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఏ పద్దుకు ఎవరి నిఘా

అమెరికా కాంగ్రెస్ 2003 ఏప్రిల్‌లో 247.5 కోట్ల డాలర్లు, నవంబర్‌లో మరో 1,840 కోట్ల డాలర్లు పునర్నిర్మాణానికి మంజూరు చేసింది. తర్వాత ఇరాక్ భద్రతా దళాల నిధి, సైనిక కమాండర్లు స్థానికంగా ఖర్చుపెట్టే అత్యవసర నిధి వంటివి కలిసి దశాబ్దంలో మొత్తం దాదాపు 6,000 కోట్ల డాలర్లకు చేరింది. ఇది అమెరికా పన్నుల డబ్బు.

దీని పక్కనే ఇరాక్ సొంత డబ్బు మరొకటి ఉంది. 2003 మే 22న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1483వ తీర్మానంతో గుర్తించిన ఇరాక్ అభివృద్ధి నిధిలోకి చమురు ఆదాయం, 'చమురుకు బదులు ఆహారం' పథకంలో మిగిలిన సొమ్ము, విదేశాల్లో స్తంభింపజేసిన ఆస్తులు వచ్చి చేరాయి. దాన్ని ఖర్చుపెట్టే అధికారం 2004 జూన్ 28 వరకు అమెరికా అధికారి పాల్ బ్రెమర్ నాయకత్వంలోని సంకీర్ణ తాత్కాలిక పాలనా యంత్రాంగానిది. ఇరాకీల ప్రయోజనం కోసం పారదర్శకంగా వాడాలన్నది షరతు. పైన చూడటానికి ఐక్యరాజ్యసమితి, ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు, అరబ్ అభివృద్ధి నిధి ప్రతినిధులతో అంతర్జాతీయ సలహా పర్యవేక్షక మండలిని ఏర్పాటు చేశారు.

ఈ మండలికి చూసే హక్కు ఉంది, ఆపే హక్కు లేదు. టెండర్ లేకుండా ఇచ్చిన చమురు పనుల కాంట్రాక్టుపై అమెరికా రక్షణశాఖ చేయించిన ఆడిట్ నివేదికలను అడిగితే, కీలక భాగాల మీద నల్లగీతలు కొట్టిన ప్రతులు చేతికొచ్చాయి. చమురు ఎగుమతి దగ్గర కొలిచే మీటర్లు లేవని మండలి ఏళ్ల తరబడి రాస్తూనే ఉంది. రాబడినే కొలవలేని నిధిలో ఖర్చు సరిపోయిందని ఎవరు ధ్రువీకరించినా ఆ ధ్రువీకరణకు అర్థం లేదు.

ఒకే పనికి రెండు మూడు పద్దుల డబ్బు కలిసినప్పుడు ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ఒక్కో పద్దు ఆడిటర్ తన ముక్క మాత్రమే చూస్తాడు. మొత్తం పనికి ఎంతైందో చెప్పే అంకె ఏ ఒక్క పుస్తకంలోనూ ఉండదు. అందుకే చెల్లింపులను పద్దు సంఖ్యతో పాటు స్థలం సంఖ్యతో కూడా నమోదు చేయాలి. ఈ చిన్న గడి తర్వాత ఎప్పుడో చేర్చుదామంటే కుదరదు, మొదటి వోచర్ నుంచే ఉండాలి.

నోట్ల కట్టలు

2003 మే నుంచి 2004 జూన్ వరకు న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ నుంచి ఇరాక్‌కు దాదాపు 1,200 కోట్ల డాలర్లు నగదుగా విమానాల్లో వెళ్లాయి. అవి 28 కోట్లకు పైగా నోట్లు, బరువు 363 టన్నులు. పాలన చేతులు మారడానికి ఆరు రోజుల ముందు, 2004 జూన్ 22న, ఒక్క విడతలోనే 240 కోట్ల డాలర్లకు పైగా పంపారు. బ్యాంకులు పనిచేయని దేశంలో నగదు తప్పదు, అందులో వివాదం లేదు. కానీ అధికారం దిగిపోయే వారంలో ఖజానా ఖాళీ చేసే వేగం కనిపిస్తే ఏ ఆడిటరైనా అక్కడే ఆగి చూడాలి. దిగిపోయేవాళ్లకు లెక్క చెప్పే గడువు ఉండదు, వచ్చేవాళ్లకు ఆ లెక్క తెలియదు.

ఆ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఇచ్చిన 2005 జనవరి ఆడిట్ నివేదికలోని 880 కోట్ల డాలర్ల అంకెను చాలామంది తప్పుగా వాడుతున్నారు. అంత సొమ్ము దొంగిలించారని ఆ నివేదిక అనలేదు. ఇరాక్ మంత్రిత్వ శాఖలకు ఇచ్చిన ఆ మొత్తాన్ని శాఖలు ఎలా వాడాయో చూసే ఏర్పాటు తగినంతగా లేదని అన్నది. ఒక శాఖ జీతాల పట్టీలో 8,206 మంది గార్డుల పేర్లుంటే, నిర్ధారించగలిగింది 602 మందినే. లోపలి నియంత్రణలను సమీక్షించడానికని 14 లక్షల డాలర్లకు కుదుర్చుకున్న సంస్థ అసలు ఆ సమీక్షే చేయలేదు.

యుద్ధం మధ్యలో పాశ్చాత్య ప్రమాణాల లెక్కలు అడగడం అవాస్తవమనీ, జీతాలు ఆపితే అశాంతి మరింత పెరిగేదనీ బ్రెమర్ జవాబిచ్చారు. రెండో మాటను కొట్టిపారేయలేం. మొదటి మాటను మాత్రం ఒప్పుకోలేం. పంపిణీ రోజున పట్టీలో పేరు పక్కన వేలిముద్ర, పంచేవాడు ఒకరు, సంతకం చేసేవాడు వేరొకరు, తీసుకోనివాళ్ల సొమ్ము ఆ సాయంత్రమే వెనక్కి జమ. దీనికి కంప్యూటరూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. మూడు నెలలు వరుసగా ఎవరూ రాని పేర్లు పట్టీలో వాటంతట అవే బయటపడతాయి. లేని పేర్లకు కొన్నాళ్లు జీతం వెళ్లడాన్ని అర్థం చేసుకోవచ్చు. ఆ పేర్లు ఏవో తెలుసుకునే ప్రయత్నం జరగకపోవడమే అసలు లోపం.

హిల్లా పట్టణం కేంద్రంగా నడిచిన దక్షిణ మధ్య ప్రాంతం ఇంకో రకం. అక్కడి 9.66 కోట్ల డాలర్ల నగదులో 72 లక్షలకు లెక్కే లేదు, మిగతా 8.94 కోట్లకు సరైన ఆధారాలు లేవు. చెల్లింపులు చూసిన అధికారికి పాత మోసం కేసులో శిక్షపడి ఉన్నా కోట్ల నగదు అతని చేతికే అప్పగించారు. అతను 5 లక్షల డాలర్ల వరకు సొంతంగా మంజూరు చేయగలడు కాబట్టి పనులను ఆ గీత కిందికి దిగేలా ముక్కలు చేసి, లంచమిచ్చిన ఒక్క కాంట్రాక్టర్‌కే కట్టబెట్టాడు. 2007లో అతనికి తొమ్మిదేళ్ల శిక్ష పడింది, కాంట్రాక్టర్‌కు 46 నెలలు.

ఇలా ముక్కలు చేసిన పని కాగితం మీదే దొరికిపోతుంది. మంజూరు పరిమితికి కొంచెం కిందుగా ఉండే మొత్తాలను ఒక పక్కకు తీసి స్థలం వారీగా, తేదీ వారీగా పేర్చాలి. ఒకే ఆవరణకు ఒకే వారంలో మూడు మంజూరులుండి, పోటీ కొటేషన్లు ఒకే చేతిరాతలోనో ఒకే అక్షరదోషంతోనో కనిపిస్తే ఇంక అడగాల్సింది ఆ పోటీదారు చిరునామా ఎక్కడ అని.

తర్వాతి సంవత్సరాల్లోనూ ఇరాక్ అభివృద్ధి నిధి లెక్క కుదుటపడలేదు. అమెరికా రక్షణశాఖకు అందిన 910 కోట్ల డాలర్లలో 870 కోట్లకు సరైన లెక్క చూపలేకపోయిందని 2010 జులై నివేదిక తేల్చింది. ప్రతి సంస్థా ఈ డబ్బు కోసం విడి ఖాతా తెరవాలన్న నిబంధనను చాలా సంస్థలు పాటించలేదు. ఆ 870 కోట్లలో 260 కోట్ల డాలర్లకు ఏ కాగితమూ దొరకలేదు.

150 ఆరోగ్య కేంద్రాలు, ఒక మురుగునీటి పథకం

2004 మార్చిలో దేశమంతటా 150 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కట్టే పని పార్సన్స్‌కు ఇచ్చారు. అంచనా 24.3 కోట్ల డాలర్లు. రెండేళ్లలో 18.6 కోట్లు ఖర్చయ్యేసరికి పూర్తిచేసి అప్పగించినవి 6 మాత్రమే. 121 కేంద్రాలను మధ్యలోనే ఆ కాంట్రాక్టు నుంచి తప్పించి స్థానిక ఇరాకీ కాంట్రాక్టర్లకు ఇవ్వాల్సి వచ్చింది. చివరికి 133 కేంద్రాలు తయారయ్యాయి, ఖర్చు దాదాపు 34.5 కోట్లయింది.

ఇక్కడ కాంట్రాక్టు రకాన్ని చూడాలి. డిజైనూ కట్టుబడీ ఒకరిదే. అయిన ఖర్చంతా ప్రభుత్వం భరించి, పైన రుసుము ఇస్తుంది. పోరు జరిగే చోట స్థిర ధరకు ఎవరూ ముందుకు రారు కాబట్టి ఈ రకం ఎంచుకోవడంలో తప్పులేదు. కానీ దీనిలో పని ఆగినా బిల్లు ఆగదు. శిబిరం, కాపలా, జీతాలు ప్రతి నెలా నడుస్తూనే ఉంటాయి. అందుకే ఇలాంటి కాంట్రాక్టులో నెలనెలా తప్పక అడగాల్సిన కాగితం 'ఇంకా పూర్తికావడానికి ఎంత కావాలి' అన్న అంచనా. ఇప్పటిదాకా ఎంతైంది అన్నది గతం చెబుతుంది, ఈ అంచనా ముందుంది ముసళ్ల పండుగో కాదో చెబుతుంది. పర్యవేక్షించిన సైనిక ఇంజనీర్ల విభాగం ఆ నివేదికలను గట్టిగా వసూలు చేయలేదు. అధికారులు తరచూ మారిపోయారు. కొత్తగా వచ్చినవాళ్లు ఫైలు అర్థం చేసుకునేలోపే వాళ్ల తిరుగు ప్రయాణం వచ్చేది.

ఇదే రకం కాంట్రాక్టు అల్ ఫతా దగ్గర టైగ్రిస్ నది కింద చమురు పైపుల కోసం సొరంగాలు తొలిచే పనికీ వాడారు. నేల స్వభావాన్ని ముందు లోతుగా పరిశీలించాలన్న సలహాను పక్కన పెట్టి తొలవడం మొదలుపెట్టారు. పని విఫలమైంది, కేటాయించిన 7.57 కోట్ల డాలర్లూ అయిపోయాయి. ఫలితం రాకపోతే చెల్లింపు ఆపే షరతు కాంట్రాక్టులో లేదు.

ఫలూజా నగర మురుగునీటి పథకం నా దృష్టిలో వీటన్నిటికంటే ఎక్కువ చదవదగ్గది. దొంగతనమనే మాట లేకుండానే ఒక పథకం ఎలా కుంగిపోతుందో అది చూపిస్తుంది. 2004 మధ్యలో వేసిన లెక్క 3.25 కోట్ల డాలర్లు, సుమారు లక్ష మందికి సేవ, 2006 జనవరికి పూర్తి. శాంతిగా ఉన్న ఊరికి వేసే అంచనా అది. అదే ఏడాది నవంబర్‌లో ఆ ఊళ్లో యుద్ధంలోకెల్లా తీవ్రమైన పోరు జరిగింది. తర్వాత శుద్ధి పద్ధతి మార్చి, కరెంటు తక్కువ తినే మడుగుల విధానానికి దిగారు. కాంట్రాక్టర్లు మారారు. 2011 నాటికి ఖర్చు 10.8 కోట్లు, సేవ దాదాపు 38,400 మందికి.

అన్నిటికంటే చిన్నదిగా కనిపించిన అంశమే అందులో పెద్దదైంది. వీధి కింద ప్రధాన పైపులు వేశారు కానీ ఇంటి నుంచి వీధి పైపు దాకా కనెక్షన్ ఎవరిదన్నది తేల్చలేదు. ఇంటివాళ్లే కలుపుకోవాలని ఒక దశలో అనుకున్నారు. అలా వదిలేస్తే ఎవరికి వారు అడ్డదిడ్డంగా కలుపుకుని వ్యవస్థ పాడయ్యే ప్రమాదముంది. కలుపుకోకపోతే పైపుల్లో మురుగే రాదు. పంపులు నడిచే జనరేటర్లకు ఇంధనం ఎవరిస్తారన్నదీ రాతపూర్వకంగా ఖాయం కాలేదు. ఈ రెండు ఖర్చులూ అంచనాలో అంకెలుగా ఉండి, వాటి పక్కన ఇరాక్ మున్సిపల్ శాఖ సంతకం ఉంటే లక్ష మంది అన్న లక్ష్యాన్ని మొదటి రోజే తగ్గించేవారు, లేదా డబ్బు మొదటి రోజే పెంచేవారు.

బాగ్దాద్ పోలీస్ కళాశాలలో తప్పు మరీ కిందిస్థాయిది. మరుగుదొడ్ల పైపుల జాయింట్లు సరిగ్గా వేయకపోవడంతో పై అంతస్తుల మురుగు కింది గదుల కప్పుల్లోంచి కారింది. కాంట్రాక్టర్ నాణ్యతా నివేదికలూ, ప్రభుత్వ నాణ్యతా నివేదికలూ రెండూ దాన్ని పట్టుకోలేదు. సీలింగ్ మూయకముందు పైపుల్లో నీళ్లు నింపి చూడటం ఒక్కరోజు పని.

అప్పగింత

కట్టిన పనులను ఇరాక్ ప్రభుత్వం 2006 మధ్య నుంచి తీసుకోవడం మానేసింది. 2007 జులై ఆడిట్ ప్రకారం 580 కోట్ల డాలర్లతో పూర్తయిన 2,797 పనుల్లో ఇరాక్ ఆర్థికశాఖ అధికారికంగా స్వీకరించినవి 435, విలువ 50.1 కోట్లు. మిగతావాటిని స్థానిక అధికారులకో, లేదంటే ఏకపక్షంగా ఒక ఉత్తరంతోనో ఒప్పజెప్పారు. స్వీకరించని ఆస్తికి వచ్చే ఏడాది బడ్జెట్‌లో నిర్వహణ పద్దు రాదు. పద్దు రాకపోతే జనరేటర్‌కు నూనె ఉండదు. ఖాన్ బనీ సాద్ ఒక్కటే కాదు, ఆ 2,797లో చాలా పనులు ఇదే దారి పట్టే ప్రమాదంలో పడ్డాయి.

నిఘా పెట్టినవాళ్ల మీద రాజకీయం

2003 నవంబర్ చట్టంతో ఏర్పడి, 2004లో ఇరాక్ పునర్నిర్మాణ ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా మారిన కార్యాలయం స్టువర్ట్ బోవెన్ నాయకత్వంలో 2013 వరకు పనిచేసింది. 220 ఆడిట్లు, 170 తనిఖీలు చేసింది. కనీసం 800 కోట్ల డాలర్లు వృథా అయ్యాయని అంచనా కట్టింది. దాని బలం మూడు చోట్ల ఉంది: బాగ్దాద్‌లోనే సిబ్బంది ఉండటం, తనిఖీ బృందంలో ఇంజనీర్, ఆడిటర్ కలిసి వెళ్లడం, మూడు నెలలకోసారి కాంగ్రెస్‌కు బహిరంగ నివేదిక ఇవ్వడం. ఆడిటర్ ఒక్కడే వెళితే రసీదు చూస్తాడు, ఇంజనీర్ ఒక్కడే వెళితే గోడ చూస్తాడు. రసీదులోని సిమెంటు గోడలో ఉందా అని చూడాలంటే ఇద్దరూ కావాలి.

2006లో అమెరికా రక్షణ బడ్జెట్ చట్టంలో ఎవరి కంటా పడకుండా చేర్చిన ఒక నిబంధన ఈ కార్యాలయాన్ని 2007 అక్టోబర్ 1కి మూసేయాలని చెప్పింది. సెనేటర్లు సుసాన్ కాలిన్స్, రస్ ఫైన్‌గోల్డ్ పట్టుబట్టడంతో డిసెంబర్‌లో గడువు పొడిగించారు. ఆ పొడిగింపు లేకపోతే ఖాన్ బనీ సాద్ నివేదిక గానీ, ఫలూజా నివేదిక గానీ, 2010 లెక్క గానీ వచ్చేవి కావు. నిఘా సంస్థ గడువును తేదీకి కాకుండా ఖర్చుకు ముడిపెట్టాలి. మంజూరైన డబ్బులో ఇంత శాతం చెల్లించి ముగిసేదాకా అది ఉండాలి.

దాని బలహీనత కూడా స్పష్టమే. తనిఖీ చేరేసరికి చెల్లింపు అయిపోయేది. 2011లో ఒక సరఫరా కాంట్రాక్టు బిల్లుల్లో 7.05 డాలర్ల స్విచ్‌కు 900 డాలర్లు వేసినట్లు బయటపడింది. మార్కెట్ ధరల పట్టిక పక్కన పెట్టుకుని బిల్లు చూసే గుమస్తా ఒకడుంటే చెల్లింపుకు ముందే ఆగేది. అంచెలంచెల సబ్ కాంట్రాక్టుల్లో ప్రధాన కాంట్రాక్టర్ బిల్లు మాత్రమే చూస్తే ఏమీ దొరకదు. అట్టడుగున సరుకు అమ్మినవాడి రసీదు చూపాలన్న షరతు కాంట్రాక్టులోనే రాసుకోవాలి.

ఇరాక్ వైపు

ఇరాక్‌కు 1927 నుంచి సుప్రీం ఆడిట్ బోర్డు ఉంది. 2004లో అవినీతిని విచారించే సమగ్రతా కమిషన్‌ను, ప్రతి మంత్రిత్వ శాఖలో ఇన్‌స్పెక్టర్ జనరల్‌ను కొత్తగా చేర్చారు. పాలన చేతులు మారిన మూడు రోజులకే, 2004 జులై 1న, ఆడిట్ బోర్డు అధిపతి ఇహ్సాన్ కరీం బాంబు దాడిలో చనిపోయారు. సమగ్రతా కమిషన్ అధిపతి రాధీ అల్ రాధీ 2007లో దేశం విడిచి, అక్టోబర్‌లో అమెరికా కాంగ్రెస్ ముందు సాక్ష్యమిస్తూ తన ఉద్యోగులు 31 మంది హత్యకు గురయ్యారని చెప్పారు.

హత్యలతో పాటు చట్టమే ఒక అడ్డుగోడ. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 136(బి) నిబంధన ప్రకారం ఒక శాఖ ఉద్యోగిని విచారణకు పంపాలంటే ఆ శాఖ మంత్రి అనుమతి కావాలి. 2007లో ప్రధాని కార్యాలయం ఇంకో మెట్టు కట్టింది. మాజీ, ప్రస్తుత మంత్రుల కేసులు కోర్టుకు వెళ్లాలంటే ప్రధాని ఆమోదం కావాలంది. 136(బి) రద్దు కావడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి అమెరికా నిధుల్లో పెద్దభాగం ఖర్చయిపోయింది. మంత్రిత్వ శాఖల ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవులను 2019లో తీసేశారు.

స్వీకరించే శాఖ నుంచి ముందే సంతకం తీసుకోవాలని పైన రాసింది ఈ అధ్యాయం తెలిసే. ఆ సంతకం విలువ దాని మీద ఎవరు ప్రశ్నించగలరన్నదాని మీద ఆధారపడుతుంది. కాబట్టి కాగితం మూడు ప్రతుల్లో ఉండాలి. ఒకటి డబ్బిచ్చే సంస్థకు, ఒకటి శాఖకు, మూడోది దేశ ఆడిట్ బోర్డుకు, పని మంజూరైన రోజునే. అందులో ఉండాల్సినవి భూమి హక్కు, నడిపే సిబ్బంది సంఖ్య, ఏటా ఇంధనానికీ మరమ్మతుకూ అయ్యే మొత్తం, ఆ మొత్తం వచ్చే బడ్జెట్ పద్దు సంఖ్య. పద్దు సంఖ్య ఖాళీగా ఉంటే మొదటి వాయిదా విడుదల చేయకూడదు. కమిషన్ ఉద్యోగులకు రక్షణ ఖర్చు, వాళ్ల కుటుంబాలను వేరే చోటికి తరలించే ఖర్చు కూడా పునర్నిర్మాణ బడ్జెట్‌లోనే, సిమెంటు పక్కనే రాయాలి. ఇరాక్‌లో కాంట్రాక్టర్ల కాపలాకు పెట్టిన ఖర్చు ప్రతి పని అంచనాలోనూ కనిపిస్తుంది. లెక్క అడిగినవాళ్ల కాపలాకు ఆ అంచనాల్లో గడే లేదు.